మా దొడ్లో చెట్టు

కొత్తపేటలో మా ప్లీడరు ఆఫీసు బోర్డు మీద ఉండేది నా పేరే. కానీ లోపలికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది నిర్మలగారిని. "అమ్మగారున్నారాండీ?" అంటారు. ఎదురుగా కుర్చీలో నేను కూర్చునే ఉంటాను. ముప్పై అయిదేళ్ళుగా ఇదే వరస. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనే "లోపలుంది, వెళ్ళండి" అంటున్నాను.

ఆవిడ మా టైపిస్టు. పూర్తి పేరు నేలపూడి నిర్మల, వయసు అరవై. గంజి పెట్టిన నేత చీర, చేతికి మగవాళ్ళ వాచీ, టిఫిన్ బాక్సు, గొడుగు. తొమ్మిదిన్నరకి రావడం, అయిదున్నరకి వెళ్ళడం. నేను చెబుతుంటే టైపు చేస్తారు. ఏ మాటా రెండోసారి చెప్పించుకోరు. అంత వేగంగా చెబుతాను, మధ్యలో దగ్గుతాను, కోపం వస్తే వాక్యం సగంలో వదిలేసి ఇంకోటి ఎత్తుకుంటాను. అయినా కాగితం మీదకి వచ్చేసరికి అన్నీ సరిగ్గా ఉంటాయి.

సరిగ్గా ఉండటమే కాదు, దిద్ది ఉంటాయి. "ఈ సెక్షను ఇక్కడికి రాదేమోనండీ" అంటారు మెల్లిగా. తీసి చూస్తే నిజంగానే రాదు. "ఏం, నువ్వేమన్నా ప్లీడరువా?" అని కసిరేవాణ్ణి. ఆవిడ ముఖం ఒక్క క్షణం చిన్నబోయేది, అంతే. కాగితం మార్చి తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ప్లీడరు కావాలని ఆవిడకి ఎంత ఉండేదో నాకు తెలుసు. తెలిసే అనేవాణ్ణి.

ఎదురుగా నేనెప్పుడూ ఆవిణ్ణి 'గారు' అనలేదు. 'నిర్మలా' అనే పిలిచాను, 'నువ్వు' అనే అన్నాను. మా ఊళ్ళో మా వీధివాళ్ళం వాళ్ళ పేటవాళ్ళని అలాగే పిలిచేవాళ్ళం. లా చదివినా, తల నెరిసినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఈ కాగితం మీద మాత్రం గారు అనే రాస్తున్నాను. ఇక్కడైనా రాయాలి కదా.

నిర్మలగారి ఇంటి చుట్టూ పదిహేను సెంట్ల దొడ్డి ఉంది. అందులో పదకొండు కొబ్బరి చెట్లు. ఏడాదికి ఆరేడు దింపులు తీస్తారు, అంటే మనుషులు చెట్టెక్కి కాయలు కోసి దించుతారు. అంబాజీపేట నుంచి కాయల షావుకారు వ్యాను పంపిస్తాడు. ఆ కాయల మీద వచ్చే రూపాయి ఆవిడ ఇంట్లో ఉప్పుకి కూడా వాడరు. అదంతా ఏటా వేసవిలో వచ్చే ఒక లా స్టూడెంటుకి.

ఈ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. లా చదివే పిల్లలు వేసవి సెలవుల్లో ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలి. ఉన్నవాళ్ళ పిల్లలు హైదరాబాదో ఢిల్లీయో వెళ్ళి పెద్ద పెద్ద ఏసీ ఆఫీసుల్లో కంపెనీల కాగితాలు తిరగేసి వస్తారు. లేనివాళ్ళ పిల్లలకి, కూలీల తరఫునో, చెరువుల మీద రొయ్యలు పట్టేవాళ్ళ తరఫునో పనిచేయాలని ఉంటుంది. అక్కడ జీతం ఇచ్చేవాడుండడు. తిండి నీదే, గది నీదే, బస్సు చార్జీ నీదే. అంటే పేదవాళ్ళకి రెండు నెలలు ఊరికే పనిచేయాలంటే ముందు మనం పేదవాళ్ళం కాకూడదు. ఇంత విడ్డూరమైన రూలు ఎవడూ రాయకుండానే దేశమంతా నడుస్తోంది.

నిర్మలగారు ఏటా జనవరిలో లా కాలేజీలకి ఉత్తరాలు టైపు చేసి పంపిస్తారు. 'కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుల కోసం రెండు నెలలు పనిచేయడానికి ఒక విద్యార్థి కావలెను. భోజనం, వసతి, ఖర్చులు మావి.' పేరుకి ఆ పిల్లలు నా దగ్గర పనిచేస్తున్నట్టు. నేను సర్టిఫికెట్టు మీద సంతకం పెడతాను. నాకూ పేరొస్తుంది. ఒకసారి బార్ అసోసియేషన్ వాళ్ళు నాకు శాలువా కూడా కప్పారు. ఆవిడ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

మొదలైంది పదకొండేళ్ళ కింద, వాళ్ళ అమ్మ కృపావతి పోయిన ఏడాదికి. వాళ్ళలో సంవత్సరం తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టి, సంఘం అందరికీ భోజనాలు పెడతారు. నిర్మలగారు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, టీ బిస్కెట్లు ఇచ్చి, ఆ భోజనాల డబ్బు లా స్టూడెంటుకి అని నిలబడి చెప్పేశారు. పెద్దలకి నచ్చలేదు. "తల్లి పేరు మీద నలుగురికి అన్నం పెట్టకపోతే ఎలాగమ్మా?" అన్నారు.

"ఒక్కళ్ళకి రెండు నెలలు పెడతానండి. అదీ అన్నవేఁ కదండీ" అన్నారట ఆవిడ.

అలా మొదటి ఏడు క్రాంతికుమార్ అనే విశాఖపట్నం కుర్రాడు వచ్చాడు. కాలవ మీద ఒంటి తాటి దుంగ వంతెన చూసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాడు. దింపువాళ్ళు నవ్వి, భుజాల మీద ఎక్కించుకుని దాటించారు. తర్వాత సుస్మిత వచ్చింది, తర్వాత ఇంకెవరెవరో. కరోనా రెండేళ్ళు ఎవరూ రాలేదు.

వాళ్ళకి ఆవిడ పెట్టిన షరతులు రెండు. చెట్టు మీంచి పడి కాలో నడుమో విరిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఏ ఊరు, ఏ రోజు, ఎవరి చెట్టు అన్నది కాగితం మీద పెట్టి, నష్టపరిహారం ఏమన్నా వస్తుందేమో చూడాలి. ఇది ఒకటి. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆ రోజు ఏం చేసిందీ, ఏ సెక్షను చదివిందీ ఆవిడకి చెప్పాలి. ఇది రెండోది. ఒకటి రెండుసార్లు ఏదో కాగితం కోసం నేను అటు వెళ్ళినప్పుడు చూశాను. పిల్లలు కాళ్ళాడించుకుంటూ ఏదో చెబుతుంటారు. ఆవిడ చేతిలో చిక్కుడు కాయలు అలాగే ఉండిపోయి ఉంటాయి. "కోర్టులో మొదటిసారి నిలబడితే కాళ్ళు వణుకుతాయా నాన్నా?" అని అడుగుతుంటారు. మీ హాస్టల్లో లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు, కాలేజీలో ఆడే మాక్ కోర్టులో జడ్జి కుర్చీలో ఎవరు కూర్చుంటారు, అన్నీ కావాలి ఆవిడకి.

జూన్ నెలాఖర్న పిల్లలు వెళ్ళే రోజు బస్టాండుకి వెళ్తారు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడతారు. తర్వాత రెండు రోజులు ఆవిడ టైపులో తప్పులు వస్తాయి. ఆ రెండు రోజులూ నేను కసరను.

ఇప్పుడు ఆవిడ తండ్రి సంగతి.

సాలమోను కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్ళకి తాడు బందం, మొలలో కత్తి. పొద్దు ఎక్కేలోపు ముప్పై చెట్లు ఎక్కి దిగేవాడని చెప్పుకునేవారు. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి మే నెలలో మా ఊళ్ళోనే ఒక రైతుగారి చేలో చెట్టు మీంచి పడ్డాడు. నడుము విరిగింది. నడుము కింద మరి ఏమీ కదల్లేదు. మంచం మీదే మోసుకెళ్ళి అమలాపురం ఆసుపత్రిలో వేశారు.

రెండో రోజు పోలీసులు స్టేట్‌మెంటు కావాలన్నారు. రైతుగారి తరఫున ఒక మనిషి తెల్లకాగితం, పెన్నూ పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన నిర్మలగారున్నారు. అప్పటికి పదహారేళ్ళు, టెన్త్ ఫస్టు క్లాసులో పాసయ్యారు. "నీ రాత బాగుంటుందటగా, నువ్వే రాయి" అన్నాడు ఆ మనిషి. అతను చెప్పాడు, ఆవిడ రాశారు. 'మా దొడ్లో కొబ్బరి చెట్టు మీద కాయలు దింపుకుంటూ కాలు జారి పడిపోయాను. ఇందులో ఎవరి తప్పూ లేదు.' సాలమోను కింద వేలిముద్ర వేశాడు. రైతుగారు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నారు, రెండు బస్తాల ధాన్యం పంపారు. కాగితం స్టేషనుకి వెళ్ళిపోయింది.

సాలమోను వాళ్ళకి దొడ్డి లేదు. పుంత దారి గట్టు మీద తాటాకు పాక. వంగ మొక్క పెట్టుకునే జాగా కూడా ఉండేది కాదు.

ఈ సంగతి నిర్మలగారు ఎవరికీ అంతగా చెప్పరు. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మాత్రం మొదటి సాయంత్రం చెబుతారు. చివర్న ఒక మాట అంటారు. "ఆ మనిషి కాగితం చూసి, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు అన్నాడమ్మా. మా నాన్న పక్కన మూలుగుతున్నాడు. నేను ఆ మెప్పుకి సంతోషించేను."

డిగ్రీ అయ్యాక ఆవిడ రాజమండ్రిలో లా చేరారు. అక్కడ లైబ్రరీలో నష్టపరిహారం చట్టం చదివారు. పనిలో పడితే యజమాని ఇవ్వాలనీ, రెండేళ్ళలోపు అడగాలనీ రాసి ఉంది. అప్పటికి ఆరేళ్ళు దాటింది. గడువు దాటినా కారణం చెప్పి అడగవచ్చు అన్నారు మేష్టారు. కానీ మా దొడ్లో చెట్టు అని తండ్రి వేలిముద్ర ఉన్న కాగితం ఉంది. రాత ఈవిడది. ఆ పూట మెస్సులో అన్నం ముందు కూర్చుని లేచి వచ్చేశారట.

మొదటి సంవత్సరం అయ్యాక, కూలీల కేసులు చూసే విశాఖపట్నం ప్లీడరొకాయన వేసవికి ఇద్దరు పిల్లల్ని తీసుకుంటానన్నాడు. ఆయన తీసుకుంటానన్న ఇద్దరిలో ఈవిడ ఒకరు. రెండు నెలలు. తిండీ బసా ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. ఈవిడ సంచీ సర్దుకున్నారు, మళ్ళీ విప్పేశారు. తల్లి ఊడ్పులకి వెళ్తే గాని పొయ్యి వెలగదు, తండ్రికి వీపంతా పుళ్ళు. ఆ రెండు నెలలూ తండ్రికి కట్టు మారుస్తూ, మధ్యాహ్నాలు టైపు నేర్చుకున్నారు. తర్వాత కాలేజీకి వెళ్ళలేదు.

"డబ్బుల్లేక ఆగిన చదువు కాదండి నాది" అన్నారు ఒకసారి నాతో. "ఒక్క వేసవి లేక ఆగిపోయింది. అది నాకిప్పటికీ మే నెల రాగానే ఎక్కడో పీకుతుందండి."

తొంభైలో మా ఆఫీసుకి ఉద్యోగం అడగడానికి వచ్చారు. నేను ఇచ్చాను. జాలిపడి ఇచ్చానని చాలాకాలం అనుకున్నాను. రెండేళ్ళకి జీతం కూడబెట్టి ఆ పదిహేను సెంట్లూ కొన్నారు. ఇల్లు తర్వాత కట్టారు. ముందు నాటింది కొబ్బరి మొక్క. తండ్రిని నులకమంచంతో సహా నలుగురి చేత మోయించి తీసుకెళ్ళి, మోకాలెత్తు మొక్క చూపించారు.

"ఇదేంటే?" అన్నాడట సాలమోను.

"మన దొడ్లో చెట్టు నాన్నా."

ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదట. మరుసటి ఏడు పోయాడు. పోయేనాటికి చెట్టు గుమ్మం ఎత్తు కూడా రాలేదు.

పిల్లలు తెచ్చిన కాగితాల సంగతి చెప్పాలి. మొదటి ఏడు క్రాంతికుమార్ ఎండలో తిరిగి తిరిగి పద్నాలుగు మందిని కలిసి వచ్చాడు. నా బల్ల మీద పద్నాలుగు కాగితాలు పరిచాడు. అన్నిటిలోనూ అదే వాక్యం. మా దొడ్లో చెట్టండి. కుర్రాడు అమాయకంగా, "కోనసీమలో ఎంత పేదవాళ్ళకైనా దొడ్లో కొబ్బరి చెట్లుంటాయా సార్?" అన్నాడు. నిర్మలగారు పకపకా నవ్వారు. నవ్వుతూనే లోపలికెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

సుస్మిత గట్టి పిల్ల, నిలదీసి అడిగింది. చెయ్యి వంకరపోయిన ఒక ముసలాయన ఆ పిల్లకి చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తు. "రైతుగారు మమ్మల్ని కారులో ఆసుపత్రికి తీసికెళ్ళేరండి. ఆయన్ని మేం కోర్టుకి తీసికెళ్తామాండీ? రేపు మా కుర్రోణ్ణి చెట్టెక్కమని ఎవరు పిలుస్తారు?" ఇక్కడ ఇదే మర్యాద. పడ్డవాడు రైతు పేరు నోట రానివ్వడు. రైతు ఆసుపత్రి బిల్లు కట్టి, ఆ మర్యాదని మెచ్చుకుంటాడు.

తొమ్మిది మంది వచ్చి వెళ్ళారు. కొందరికి పింఛన్లు వచ్చాయి, చాలామందికి బీమా కట్టించారు. ఎవరి చెట్టో రాసిన కాగితం మాత్రం ఒక్కటి రాలేదు. ఆవిడకి కావలసింది అదే. ప్రతి పిల్లనీ బస్సెక్కిస్తూ, "ఒక్క కాగితం నాన్నా, ఒక్కటి వస్తే చాలనుకున్నాను" అనేవారు.

ఈ ఏడు మమత వచ్చింది. అనంతపురం పిల్ల, తండ్రి దర్జీ. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూడలేదట. వచ్చిన మొదటి వారం కాలవ కనిపించినచోటల్లా ఆగి నిలబడేది. మాట మాత్రం మొహమాటం లేకుండా వచ్చేది. ఒకరోజు మా ఆఫీసులో అందరం ఉండగా అడిగింది.

"ఆంటీ, మీ నాన్న పడిన చెట్టు ఎవరిది?"

పదకొండేళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న. ఎవరెవరి చెట్ల గురించో కాగితాలు రాసుకున్నారు గాని, ఆవిణ్ణి అడగాలని ఎవరికీ తోచలేదు. టైపు చేస్తున్న చేతులు ఆగాయి. ఆవిడ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో నాకు కనిపించింది.

"పెద్దాయన ఎప్పుడో పోయేరమ్మా. ఇప్పుడెందుకులే" అన్నారు.

నేను కోర్టుకి టైమయిందని లేచాను. వేసవి సెలవులన్న సంగతి గుమ్మం దాటాక గుర్తొచ్చింది. ఎండలో కాలవ గట్టు దాకా వెళ్ళి, ఒక సోడా తాగి తిరిగి వచ్చాను.

మే మూడో వారంలో నిర్మలగారి దొడ్లో దింపు. ఏళ్ళ తరబడి ఆ చెట్లు దింపేవాడు నూకయ్య. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. మమత బీమా కాగితం నింపుతానంటే ఆధార్ జిరాక్సు రేపు తెస్తాను, ఎల్లుండి తెస్తాను అంటూ జరిపేశాడు. ఆ రోజు పొద్దున్న అయిదోదిగా ఎక్కిన చెట్టు, అంటే సాలమోనుకి చూపించిన ఆ మొదట నాటిన చెట్టు, దిగుతూ పట్టు తప్పాడు. నీళ్ళ బోదె గట్టు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

నాకు ఫోనొచ్చేసరికి మా ఇంట్లో టిఫిన్ చేస్తున్నాను. కారు తీసుకెళ్ళాను. నూకయ్యని వెనక సీట్లో పడుకోబెట్టి, భార్య కాంతం ఒళ్ళో తల పెట్టి, అమలాపురం తీసుకెళ్ళాం. ముందు సీట్లో నిర్మలగారు. చేతులు చూస్తే ఒళ్ళో టైపు చేస్తున్నట్టు కదులుతున్నాయి.

కట్టు కట్టాక, మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. ఎక్కడ పడ్డావని అడిగాడు. నూకయ్య నొప్పితో కళ్ళు మూసుకునే, "మా దొడ్లో చెట్టండి" అన్నాడు.

"ఆయ్, మా దొడ్లో చెట్టేనండి" అంది కాంతం. వాళ్ళుండేది అద్దె ఇంట్లో.

మమత నోరు తెరవబోయింది. నిర్మలగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకొచ్చారు.

"కాదు బాబూ. నేలపూడి నిర్మల దొడ్లో చెట్టు. నేను దింపమంటే ఎక్కేడు. రాసుకోండి. అమ్మా మమతా, నువ్వూ రాయి."

నూకయ్య కళ్ళు తెరిచాడు. "నిర్మలమ్మగారూ, మీ పేరు పోలీసు కాగితం మీదా? వద్దండీ బాబూ. మీ అన్నం తిన్నోణ్ణి."

"మా నాన్నా అలాగే అన్నాడు నూకయ్యా. మాకు దొడ్డే లేదు, చెట్టెక్కడ్నుంచి వస్తుంది? నేనే రాసేను ఆ కాగితం. ఇంకోటి నా ఎదురుగా రాయనివ్వను."

వార్డులో అందరూ ఇటే చూస్తున్నారు. నేను ఆవిణ్ణి వరండాలోకి పిలిచాను. లాయరుగా చెప్పవలసినవన్నీ చెప్పాను. నాలుగు కాయలమ్ముకునే ఇంటి దొడ్డి, నష్టపరిహారం చట్టం కింద కేసు నిలబడుతుందో లేదో తెలియదు. నిలబడితే మాత్రం అయిదారేళ్ళ కాయల డబ్బు అటే పోతుంది. "మరి రేపట్నుంచి పిల్లల్ని ఎలా పిలుస్తావు?" అన్నాను.

ఆవిడ చీర చెంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళూ పిల్లలు ఈ ఒక్క కాగితం కోసమే కదండీ వచ్చేరు" అన్నారు. "అయినా ఇది నాకు కావలసిన కాగితం కాదులెండి. అది ఎనభై ఒకటిలోది. దాన్నింక ఎవరూ తిరిగి రాయలేరు" అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

మరుసటి సోమవారం మమత నూకయ్య తరఫున అర్జీ తయారుచేసింది. ఆ పిల్లకి తెలుగు టైపు రాదు. నిర్మలగారే కూర్చుని కొట్టారు. ప్రతివాది, నేలపూడి నిర్మల, తండ్రి కీర్తిశేషులు సాలమోను. తన మీద అర్జీ తనే టైపు చేసుకునే ప్రతివాదిని నేను నా సర్వీసులో చూడలేదు. ఒకచోట మమత రాసిన సెక్షను దిద్ది, "ఇది నాకు అనుకూలంగా పోతుందమ్మా, మార్చు" అన్నారు. మమత కాగితాలు పట్టుకుని జిరాక్సుకి వెళ్ళింది.

గదిలో ఆవిడా నేనూ మిగిలాం. ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ కంప్యూటరు ముందు కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మే నెల ఎండ.

"ఇంకో కాగితం ఉంది. రాయండి" అన్నాను.

నా నోట 'రాయండి' విని ఆవిడ తల తిప్పి చూశారు. వేళ్ళు మీటల మీద పెట్టారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పటి వేగం రాలేదు.

"పంతొమ్మిది వందల ఎనభై ఒకటి మే నెలలో నేలపూడి సాలమోను పడిపోయిన కొబ్బరి చెట్టు అతని దొడ్లోది కాదు. అతనికి దొడ్డి లేదు. ఆ చెట్టు మా చేలోది. మా నాన్నగారు దింపమంటే ఎక్కాడు."

టకటక చప్పుడు ఆగలేదు. నేను ఆపకుండా చెప్పాను.

"ఆసుపత్రికి కాగితం పట్టుకెళ్ళింది నేను. అప్పుడు నేను లా రెండో సంవత్సరం. వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. అబద్ధపు స్టేట్‌మెంటు అని తెలిసే చెప్పాను, చెప్పి ఒక పిల్ల చేత రాయించాను. లా స్టూడెంటుగా వేసవిలో నేను చేసిన పని అదొక్కటే. రాసిన పిల్లకి పదహారేళ్ళు. అక్షరాలు బాగున్నాయని మెచ్చుకున్నాను. ఆ పిల్ల తప్పు లేదు."

చప్పుడు ఆగింది. తెర మీద చివరి మాట పడలేదు. ఆవిడ వేళ్ళు మీటల మీదే ఉన్నాయి.

"ఆ చివరి మాట మళ్ళీ చెప్తారాండీ?" అన్నారు.

ముప్పై అయిదేళ్ళలో ఆవిడ నా చేత ఏ మాటా రెండోసారి చెప్పించుకోలేదు.

"ఆ పిల్ల తప్పు లేదు" అన్నాను.

ఆవిడ టైపు చేయలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకోసారండీ" అన్నారు.